ఇంటి విద్యుత్ సాధనాలు – శక్తి రూపాంతరాలు

(ప్లాటినం జూబిలీ సభలలో విశ్రాంత సామాన్యశాస్త్రోపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాల డెబ్బదియైదేళ్ళ జీవితంలో ముప్పదిమూడేళ్ళు, అనగా 1972 నుండి 2005 వరకు, నేనిక్కడ సామాన్యశాస్త్రం బోధించాను. ఉత్సవ సంఘంవారు నన్ను పాత జ్ఞాపకాలు చెప్పమన్నారు. ఆ పని నాకంటె చక్కగా చేయగలవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నాకు చేతనైనది పాఠం చెప్పడం. కనుక ఎనిమిదవ తరగతి పాఠమొకటి చెప్పడానికి అనుమతి కోరాను. ఆ పాఠాన్నే ఎన్నుకోవడానికి కారణముంది. ఆ ముప్పదిమూడేళ్ళూ దానిని నేను సగమే చెప్పాను. తక్కిన సగం మీకు బాకీ ఉన్నాను.

పాఠం పేరు “శక్తి రూపాలు”. ఈ సభలోని పూర్వ విద్యార్థులలో చాలామందికి అందులోని పట్టిక జ్ఞాపకముండాలి. ఎడమవైపున సాధనం పేరు, కుడివైపున అది విద్యుచ్ఛక్తిని ఏ శక్తిగా మారుస్తుందో దాని పేరు. బల్బుకు కాంతిశక్తి, ఇస్త్రీపెట్టెకు ఉష్ణశక్తి, పంకాకు యాంత్రిక శక్తి, రేడియోకు ధ్వనిశక్తి. ఆ రోజులలో తెలుగు పాఠ్యపుస్తకాలు బడి తెరచిన ఎన్నో వారాలకు గాని మన చేతికి అందేవి కావు. అందుచేత నేను పట్టికను నల్లబల్లమీద వ్రాసేవాడిని, మీరు నోటుపుస్తకాలలో ఎక్కించుకొనేవారు. పరీక్షలో ఖాళీలు పూరింపుమన్న ప్రశ్నగా అది ఏటా వచ్చేది. ఎవరికీ మార్కు పోయేది కాదు.

1979 అర్ధసంవత్సర పరీక్షలో ఒక్కరికి పోయింది. “విద్యుత్ పంకా విద్యుచ్ఛక్తిని ______గా మార్చును” అన్నచోట ఒక విద్యార్థి “ఉష్ణశక్తి” అని వ్రాశాడు. నేను ఎర్ర సిరాతో తప్పు వేశాను. కాగితాలు పంచిననాడు అతడు లేచి నిలబడి, “అయ్యవారూ, మా ఇంట్లో రాత్రంతా టేబులు ఫ్యాను తిరిగితే తెల్లారి దాని వెనక ముట్టుకుంటే కాలుతుంది. గనిలో పెద్ద మోటార్లకు గాలి కొట్టకపోతే మాడిపోతాయని మా నాయన చెప్తాడు” అన్నాడు. వారి నాయన బంగారు గనిలో యంత్రాల దగ్గర పనిచేసేవారు. నేను, “ఫ్యాను గాలికోసం కొంటారా, చలి కాచుకోవడానికి కొంటారా?” అని అడిగాను. తరగతి అంతా నవ్వింది. అతడు కూర్చున్నాడు. ఆ పిల్లవాడు మరుసటి ఏటికి బడి మానివేశాడు. దానికి ఇంటి పరిస్థితులు వేరే ఉన్నవి, నా మాటవల్లనే మానివేశాడని చెప్పుకొంటే అది కూడా ఒక విధమైన గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. అయితే ఆ తరువాత నా తరగతిలో అతడు మళ్ళీ చెయ్యెత్తలేదన్నది మాత్రం నిజం.

ఆ కథను కాసేపు అక్కడ ఉంచి, కరెంటు సంగతి చూద్దాం.

కోలారు ప్రాంతంవారమైన మనకు ఈ విషయంలో కొంత గర్వించే హక్కు ఉంది. 1902 జూన్ నెలలో కావేరీ నదిమీది శివనసముద్రం నుండి మన బంగారు గనులకు విద్యుత్తు వచ్చింది. దూరం 92 మైళ్ళు, అనగా సుమారు 148 కిలోమీటర్లు. ఆనాటికి ప్రపంచంలోని దీర్ఘమైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. దివాన్ శేషాద్రి అయ్యర్ గారి కాలంలో తలపెట్టిన ఆ పని పూర్తియయ్యేనాటికి ఆయన కీర్తిశేషులయ్యారు. బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో, మనకు మూడేళ్ళ తరువాత. ఆసియాలోనే మొదటి జలవిద్యుత్తు ఇదేనని మన వారు ఉపన్యాసాలలో అంటూ ఉంటారు. అది సరికాదు, డార్జిలింగు దగ్గర 1897లోనే చిన్న జలవిద్యుత్ కేంద్రం నెలకొన్నది. ఉన్న గొప్ప చాలు, లేనిదెందుకు?

శివనసముద్రం దగ్గర గగనచుక్కి, భరచుక్కి అనే జలపాతాలున్నవి. పైనున్న నీటికి ఎత్తువల్ల స్థితిశక్తి ఉంటుంది. పడేటప్పుడు అది గతిశక్తి అవుతుంది. గొట్టాలద్వారా దింపితే ఆ వేగం టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది, అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టలు తిరిగేసరికి వాటిలో విద్యుత్తు పుడుతుంది. ఈ చివరి సంగతిని 1831లో కనుగొన్నది మైకేల్ ఫారడే, చిన్ననాట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకొన్నవాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. టర్బైను లేనిచోట, మామూలుగా బండలమీద పడి నురగలు కక్కే నీటి శక్తి ఏమవుతున్నది? నీరు క్రింద పడి, సుడులు తిరిగి, చివరకు నిదానిస్తుంది. ఆ శక్తి నశించలేదు. నీరు కొద్దిగా వెచ్చనయింది, అంతే. 427 మీటర్ల ఎత్తునుండి పడితే నీరు ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కుతుందని లెక్క. నూరు మీటర్ల ఎత్తైతే పావు డిగ్రీ కూడా లేదు, చేతికి తెలియదు. ఆ తెలియని పావు డిగ్రీని నీటికి దక్కకుండా తప్పించి, దానినే 92 మైళ్ళు నడిపించి ఇక్కడి యంత్రాలను తిప్పారు. జలవిద్యుత్తు మర్మమంతా ఇదే.

ఈ లెక్కకు ఆధారం జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ చేసిన ప్రయోగాలు. మాంచెస్టరు ప్రాంతంలో బీరు తయారుచేసే కుటుంబంలో 1818లో పుట్టాడు. 1840 దశకంలో ఒక పాత్రలో నీరు పోసి, అందులో తెడ్లున్న చక్రం పెట్టి, బరువులు క్రిందికి దిగుతూ ఆ చక్రాన్ని తిప్పేటట్లు ఏర్పాటుచేసి, నీరు ఎంత వేడెక్కిందో ఎంతో సూక్ష్మమైన థర్మామీటర్లతో కొలిచాడు. బరువు ఎంత దిగిందో దానికి సరిపడా వేడి పుట్టింది. ఎన్నిమార్లు చేసినా అదే నిష్పత్తి. ఇప్పుడు మన శక్తి ప్రమాణానికి ఆయన పేరే పెట్టుకొన్నాం.

ఈ ప్రయోగం మన వంటయింట్లో రోజూ జరుగుతున్నది. మిక్సీలో పిండి రుబ్బిన ఏ తల్లినైనా అడగండి, గిన్నె గోరువెచ్చగా అవుతుందని చెబుతారు. అవ్వలు రుబ్బురోటిలో రుబ్బిన పిండి చల్లగా ఉండేది, ఇడ్లీకి అదే మేలనేవారు. వారి మాట శాస్త్రవిరుద్ధం కాదు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి ఐదు నిమిషాలలో పోసే శక్తిని, రోలు అరగంటలో నెమ్మదిగా పోస్తుంది, అంతలోపల రాయి, గాలి ఆ వేడిని పీల్చుకొంటాయి. గింజను పగలగొట్టడానికి నిజంగా ఖర్చయ్యేది అతి స్వల్పం. తక్కినదంతా రాపిడివల్ల వేడియే. పట్టికలో మాత్రం మిక్సీకి ఎదురుగా “యాంత్రిక శక్తి” అని వ్రాసుకొన్నాం.

ఇప్పుడు కొలతకు వద్దాం. మనకు బిల్లు వచ్చే “యూనిట్” అనగా వెయ్యి వాట్ల సాధనం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే శక్తి, 36 లక్షల జౌళ్ళు. ఈ సంఖ్య వింటే ఎవరికీ ఏమీ అనిపించదు. గని లెక్కలో చెబుతాను. ఒక యూనిట్ శక్తితో, నష్టాలేవీ లేవనుకొంటే, ఒక టన్ను రాతిని 367 మీటర్లు పైకి లేపవచ్చు. మన ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అంత అడుగునుండి టన్ను రాతిని వెలుగులోకి తేవడానికి కావలసినది 8 యూనిట్లకు కొంచెం ఎక్కువ. అదే శక్తితో నీళ్ళు కాచుకొంటే? ఒక బకెట్టు, అనగా 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడిచేయడానికి అరయూనిట్టుకు కాస్త తక్కువ పడుతుంది. అంటే మనం ఒకరోజు స్నానానికి వెచ్చబెట్టుకొనే బకెట్టు నీటిలోని వేడి, టన్ను రాతిని సుమారు 170 మీటర్లు ఎత్తగలిగినంత శక్తి. రెండు కుతుబ్ మీనార్లను ఒకదానిపై ఒకటి నిలిపినా అంత ఎత్తు రాదు. గనిలో పనిచేసినవారి పిల్లలుగా మీకు ఈ పోలిక అర్థమైనట్లు వేరొకరికి అర్థం కాదు.

ఉష్ణ సాధనాలను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇస్త్రీపెట్టెలో, నీళ్ళ హీటరులో నికెలు, క్రోమియం కలిసిన నైక్రోమ్ తీగ ఉంటుంది. దాని నిరోధాన్ని త్రోసుకొంటూ ప్రవాహం సాగుతుంటే తీగ వేడెక్కుతుంది. ఇండక్షన్ స్టవ్ పద్ధతి వేరు. అందులో స్టవ్ వేడెక్కదు, దాని అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగునే సుడి ప్రవాహాలు పుట్టించి గిన్నెనే వేడిచేస్తుంది. ఏదైనా కరెంటు వేడిగా మారడం వీటిలో దాదాపు సంపూర్ణం.

బల్బు సంగతి కొంచెం చెప్పాలి. మనం చదువుకొన్న దీపాల క్రింది పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల వరకు కాలి వెలిగేది. దానికిచ్చిన శక్తిలో పదోవంతు కూడా వెలుతురయ్యేది కాదు. నిజానికది వెలుతురు నిచ్చే హీటరు. కోడిపిల్లలను వెచ్చగా ఉంచడానికి బల్బులు పెట్టే రైతులకు ఈ సంగతి మన పట్టికకంటె బాగా తెలుసు. ఆనాటి 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తున్నది. సరే, ఆ వెలుతురైనా ఏమవుతున్నది? గోడలమీద, పుస్తకంమీద పడుతుంది. కొంత ప్రతిఫలించి మన కంటిని చేరుతుంది, తక్కినది ఆ వస్తువులు గ్రహించి అణుమాత్రం వెచ్చనవుతాయి. దీపమార్పితే గదిలో చీకటి క్షణంలో వస్తుంది. అంతవరకు పోసిన వెలుతురంతా గోడలలో వేడిగా చేరిపోయింది.

ఇక పంకా. మోటారులో తీగచుట్టలకు నిరోధమున్నది గనుక కొంత శక్తి అక్కడే వేడవుతుంది, ఆ పిల్లవాని చేయి కాలినది దానికే. తక్కినది రెక్కలను తిప్పి గాలిని కదిలిస్తుంది. ఇంతవరకే నేను చెప్పాను, “యాంత్రిక శక్తి” అని ముగించాను. అయితే స్విచ్చి ఆపిన నిమిషంలో గదిలో గాలి కదలిక ఆగిపోతున్నదే, ఆ గతిశక్తి ఎక్కడికి పోయింది? జౌల్ పాత్రలో నీటివలెనే, గాలి పొరలు ఒకదానితో ఒకటి, గోడలతో రాసుకొని వెచ్చనయ్యాయి. 75 వాట్ల పంకా మూసిన గదిలో తిరిగితే గదికి చేరేది 75 వాట్ల వేడి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో గాలి సుమారు 33 కిలోలుంటుంది. గోడలు వేడిని పీల్చుకోకపోతే ఏడెనిమిది నిమిషాలకొక డిగ్రీ చొప్పున ఆ గాలి వేడెక్కాలి. గోడలు పీల్చుకొంటాయి గనుక మనకు తెలియదు.

మరి పంకా క్రింద హాయిగా ఉంటుందే అంటారా? గది చల్లబడదు, మనం చల్లబడతాం. ఒంటిమీది చెమట ఆవిరి కావడానికి వేడి కావాలి, గ్రాముకు సుమారు 2,400 జౌళ్ళు. గాలి విసిరితే ఆవిరి త్వరగా అవుతుంది, ఆ వేడిని మన ఒంటినుండే తీసుకొంటుంది. మట్టికుండలో నీరు చల్లనవడం కూడా ఇటువంటిదే. ఎవరూ లేని గదిలో పంకా తిరిగితే అది గదిని వేడిచేయడం తప్ప వేరే ఏ పనీ చేయడం లేదు. కూర్చున్న మనిషి ఒళ్ళు కూడా ఇంచుమించు నూరు వాట్ల వేడిని వెలువరిస్తుంది, అందుచేత ఈ సభామందిరపు ఉక్కకు కారణం ఎండ మాత్రమే కాదని, మన ఐకమత్యం కూడానని గ్రహించగలరు.

రిఫ్రిజిరేటరు చలిని పుట్టించదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది, బావినుండి నీరు తోడినట్లు. తోడడానికి పట్టిన కరెంటు కూడా వేడియై ఆ బయటనే చేరుతుంది. దాని వెనుకవైపు ఎందుకు వెచ్చగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది గదా. వేసవిలో తలుపు తెరచి పెట్టి గది చల్లబరచుకొందామనుకొనేవారికి గది ఇంకా వేడెక్కుతుంది.

అన్నీ వేడియే అన్నానని మరీ అతిగా గ్రహించవద్దు. మోటారు నీటిని మిద్దెమీది తొట్టిలోకి ఎక్కిస్తే ఆ శక్తి కుళాయి తిప్పేవరకు స్థితిశక్తిగా అక్కడ నిలిచి ఉంటుంది. సెల్‌ఫోను ఛార్జి చేస్తే బ్యాటరీలో రసాయనశక్తిగా దాగి ఉంటుంది. కిటికీలోంచి వెలుతురు, పాట కొంత వీధిలోకి పోతాయి. ఇవన్నీ దారిలో మజిలీలు. మన ఊళ్ళో జనం “ఈ నెల కరెంటు ఎంత కాలింది?” అంటారు. పంకాకైనా, రేడియోకైనా, మిక్సీకైనా కాలిందనే అంటారు. నేనొకప్పుడు ఈ మాటను పామరప్రయోగమని తరగతిలో దిద్దేవాడిని, “వినియోగమైనది” అనమనేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే నా పట్టికకంటె ఆ మాటే సత్యానికి దగ్గర.

నా పొరపాటెక్కడ? కుడివైపు గడిలో నేను వ్రాసినది మనకు ఆ సాధనంతో గల అవసరం. శక్తి చేరే గమ్యం కాదు. “గాలికోసం కొంటారా, వేడికోసమా?” అని నేనడిగిన ప్రశ్న అంగడిలో అడగదగినది, శాస్త్రంలో కాదు. శక్తికి మన కోరికతో పనిలేదు.

శక్తి నశించదు గదా, వేడి అయితేనేం, మళ్ళీ కరెంటు చేసుకోవచ్చు గదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. ఇక్కడే చిక్కు. గోడలలో, గాలిలో చెదరిపోయిన గోరువెచ్చదనంతో టర్బైను తిరగదు. శక్తి పరిమాణం తగ్గదు, దాని పనికివచ్చే గుణం తగ్గుతుంది. బాగా కాగిన ఆవిరిని వాడే థర్మల్ కేంద్రాలలోనే బొగ్గు వేడిలో మూడోవంతుకు అటూయిటుగా మాత్రమే కరెంటవుతుంది, తక్కినది నీటికీ గాలికీ పోతుంది. 1985లో మొదటి యూనిట్ ప్రారంభమైన రాయచూరు కేంద్రానికి తెలంగాణలోని సింగరేణి నుండి కూడా బొగ్గు వస్తున్నది. ఆ బొగ్గు కాల్చి, మూడింట రెండువంతులు వేడిని వదులుకొని, మిగిలినదానిని తీగలమీద ఇంతదూరం తెచ్చి, దానితో తిరిగి నీళ్ళు వెచ్చబెట్టుకోవడం ఎంత చుట్టుదారియో తల్లిదండ్రులు గమనించగోరుతాను. మిద్దెమీది సూర్యతాపం నీళ్ళను నేరుగా వేడిచేస్తుంది. తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్న పావగడ తాలూకాలో 2019 నాటికి 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రం పూర్తయింది. ఆ కరెంటును దీపానికీ, పంపుకూ వాడుకొందాం. నీళ్ళు వెచ్చబెట్టడానికి ఎండ ఉండనే ఉన్నది.

ఇక ఆ విద్యార్థి సంగతి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన పిల్లలు ఎందరో ఊళ్ళు వదలి వెళ్ళారు. ఎవరెక్కడున్నదీ తెలియదు. 2009 వేసవిలో మా ఇంటి టేబులు ఫ్యాను కాలిపోతే ప్రక్క ఊరిలో మోటార్లు వైండింగు చేసే దుకాణానికి తీసుకొనిపోయాను. దుకాణదారు నా ముఖం చూచి, స్టూలు తుడిచి, “కూర్చోండి అయ్యవారూ” అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. అతడు ఫ్యాను విప్పి చూపాడు. బేరింగు బిగుసుకొనిపోయింది. తిరగలేని మోటారులోకి ప్రవాహం విపరీతంగా చొరబడుతుంది, పోయిన శక్తి అంతా తీగలోనే వేడవుతుంది, రాగితీగమీది పూత మాడిపోతుంది. అదంతా వివరించి నల్లబడిన తీగచుట్టను నా చేతిలో పెట్టి, “ఫ్యాను ఏ శక్తినిస్తుందని అప్పుడు మీరడిగారు గదా” అని నవ్వాడు. నిష్ఠురం లేదు. అప్పుడు గుర్తుపట్టాను. వైండింగు కూలి మాత్రం పూర్తిగా తీసుకొన్నాడు, అది నాకు నచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరుసటి వారం కాగితంమీద లెక్కలు వేసుకొని మళ్ళీ అతని దుకాణానికి వెళ్ళాను. తీగలో పుట్టే వేడి సరే, గాలికి పోయిన భాగం కూడా వేడియేనని నేను చెబితే అతడు నమ్మలేదు. “అంత వేడి ఉంటే కొలిచి చూద్దాం అయ్యవారూ” అన్నాడు. రెండు ఒకే కొలత థర్మోకోల్ పెట్టెలు తెచ్చాడు. ఒకదానిలో 15 వాట్ల పాతరకం బల్బు, మరొకదానిలో 15 వాట్ల చిన్న పంకా, రెంటిలోనూ థర్మామీటర్లు. అరగంట తరువాత చూస్తే రెండు పాదరసాలూ దగ్గరదగ్గరగా ఒకే ఎత్తున నిలిచాయి, తేడా ఒకటి రెండు డిగ్రీలే. అతడు చాలాసేపు ఆ పెట్టెల చుట్టూ తిరిగి, పంకా పెట్టె మూత తీసి చేయిపెట్టి చూచాడు. “అయితే నేను వ్రాసింది సగమే సరి, అది కూడా వేరే కారణానికి” అన్నాడు. అతనికి తట్టిన ఈ మాట నాకు తట్టడానికి ముప్పది సంవత్సరాలు పట్టింది.

ఆ రెండు పెట్టెలనూ అతడే క్రొత్తగా తయారుచేసి ఈ జూబిలీ సందర్భంగా మన ప్రయోగశాలకు ఇచ్చాడు. ఉదయం పది గంటలనుండి అవి నడుస్తూనే ఉన్నవి. ప్రధానోపాధ్యాయిని గారి అనుమతితో పెట్టెలమీది పేర్ల చీటీలు తీసివేశాము. భోజనానంతరం పిల్లలు, పెద్దలు ఎవరైనా వెళ్ళి, థర్మామీటర్లు మాత్రమే చూచి, ఏది బల్బు పెట్టెయో ఏది పంకా పెట్టెయో బల్లమీది కాగితంలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను. చెవి ఆనించి వినడం నిషిద్ధం.